బెంచీ మీద మేస్త్రి

మా పెద్దమ్మ పగటిపూట మంచినీళ్లు తాగేది కాదు. పొద్దున్నే షాపుకి బయల్దేరే ముందు అర గ్లాసు, సాయంత్రం ఇంటికొచ్చాక చెంబుడు. మధ్యలో ఎండ మాడ్చేస్తున్నా, నాలుక పిడచకట్టుకుపోతున్నా చుక్క ముట్టేది కాదు. చిన్నప్పుడు అది ఆమె మొండితనం అనుకునేదాన్ని. మొండిఘటమే, కాదనను. కానీ నీళ్ల సంగతి వేరు.

మా షాపుల వరస చివర మరుగుదొడ్లకి రెండు తలుపులుండేవి. ఒకటి ఆడవాళ్లకి, ఒకటి మగవాళ్లకి. పెద్దమ్మ ఆడవాళ్ల వైపు వెళ్తే లోపలున్నవాళ్లు కెవ్వుమనేవారు. ఒకసారి ఒకావిడ చెప్పు తీసి వీపు మీద రెండు వేసింది కూడా. మగవాళ్ల వైపు పెద్దమ్మ ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అక్కడ ఎవరైనా పసిగడితే రెండు దెబ్బలతో పోదని ఆమెకి తెలుసు. ఎవరితోనూ తగువెందుకని నీళ్లే మానేసింది. అలా ఇరవై ఏళ్ల పైమాటే.

చూసేవాళ్ల కంటికి ఆమె మగవాడే. పొట్టి క్రాపు, ముదురు రంగు చొక్కా, జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు. వెడల్పాటి భుజాలు, బొంగురు గొంతు. కాలిపోయిన మోటార్లకి కొత్తగా రాగి తీగ చుట్టి వైండింగ్ చేసేది. వీధి వీధంతా ఆమెని మేస్త్రి అనేవాళ్లు. ఆ పిలుపు ఆమెకి ఇష్టం, ఎందుకంటే అది పనిని చూసి పిలిచిన పిలుపు.

పెద్దమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఎవరు తలుచుకున్నా ఆమె ధైర్యం గురించే చెబుతారు. బతికున్నప్పుడు ముక్కున వేలేసుకున్నవాళ్లు కూడా, 'అబ్బ, ఎంత గట్టి మనిషండీ' అంటారు. చెప్పనీ. నేను మాత్రం నా పిరికితనం గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఆమె కథ సగమే అవుతుంది.

ఆ షాపు మొదట మా తాతది. పెద్దమ్మకి పన్నెండేళ్లప్పుడు, కాయిల్ చుట్టే చక్రంలో ఆమె గౌను అంచు ఇరుక్కుంది. తాత హడలిపోయి, మేకుకి వేలాడుతున్న తన పాత చొక్కా తీసిచ్చాడు. "పని చేసినంతసేపూ ఇది వేసుకో" అన్నాడు. మోకాళ్ల దాకా వచ్చిన ఆ చొక్కాకి కిందనుంచి పైదాకా బొత్తాలు పెట్టుకుంటుంటే, అప్పటిదాకా ఎవరిదో ఇంట్లో ఉండి సొంతింటికి వచ్చినట్టు అనిపించిందట. నాకు ఆమే చెప్పింది.

ఆమెకి ఇరవై ఏళ్లు వచ్చేసరికి తాతకి బెంగ పుట్టింది. "ఇంక చాలు, ఆ చొక్కా తీసెయ్. మెషీను కోసం ఇచ్చానంతే" అన్నాడు.

"మెషీను కోసం కాదు నాన్నా. నాకోసమే వేసుకుంటున్నా" అంది పెద్దమ్మ.

ఆ రోజు నుంచి రెండేళ్లు తాత ఆమెతో మాట్లాడలేదు. అదే షాపులో, ఇద్దరూ వీపులు తిప్పుకుని కూర్చుని పని చేశారు. చెప్పాల్సినవి సుద్దముక్కతో మోటారు మీద రాసేవాడు. తొంభై ఆరు చుట్లు. ఫలానా నంబరు తీగ. వార్నిష్ ఆరలేదు. మా అమ్మ, అంటే పెద్దమ్మ చెల్లెలు, మధ్యాహ్నం భోజనం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, "ఏ మోటారు మీద వడ్డించమంటారు?" అనేదట. ఇద్దరూ నవ్వేవాళ్లు కాదు. మూడో ఏడు ఒక పొద్దున పెద్దమ్మ వెళ్లేసరికి తాత రాలేదు. బల్ల మీద మోటారుకి సుద్దతో 'షాపు నీది' అని రాసుంది. పక్కన తాళంచెవులు. మంచం పట్టిన తాత ఆ తర్వాత నెల బతికాడు. ఆ నెలలో కూడా నోరు విప్పలేదు.

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. నాన్న ఇంకో ఇల్లు చూసుకున్నాడు. నన్ను పెద్దమ్మ తెచ్చుకుంది. షాపులో బల్ల కింద, రాగి తీగ ముక్కలతో బొమ్మలు చేసుకుంటూ పెరిగాను. కాలిన వార్నిష్ వాసన ఇప్పటికీ నాకు ఇంటి వాసనే.

కాయిల్ చుట్టేటప్పుడు పెద్దమ్మని పలకరించకూడదు. చెక్క అచ్చు మీదికి తీగ ఎక్కుతుంటే పెదవులతో లెక్కపెట్టేది. ఎవరొచ్చినా ఎడమ చెయ్యి పైకెత్తేది, ఆగమని. లెక్క తప్పితే విప్పేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. తప్పిన లెక్కతో చుట్టిన మోటారు పట్టుమని పది రోజులు తిరగదు. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి, ఆమెని పైనుంచి కింది దాకా చూసి, "ఇంతకీ నువ్వు ఆడా, మగా?" అన్నాడు. పెద్దమ్మ చెయ్యెత్తింది. తొంభై ఆరు దాకా చుట్టి, దారంతో ముడేసి, అప్పుడు తలెత్తింది. "మోటారు కాలింది మీదేనా? ఎందుకు కాలిందో అది చెప్పండి ముందు" అంది. ఆయన గబగబా మోటారు సంగతి మొదలుపెట్టాడు. నేను బల్ల కింద పడీపడీ నవ్వాను.

ఆ దర్జా అంతా షాపు గడప లోపలే. గడప దాటితే ఆమె భుజాలు కొంచెం వంగేవి. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు, మెట్టు మీదే నిలబడేది. ఆడవాళ్ల పక్కన కూర్చుంటే గొడవ, మగవాళ్ల పక్కన కూర్చుంటే ఆమెకి ఇబ్బంది. నాకు పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆమెతో బయటికి వెళ్లాలంటే తల కొట్టేసినట్టుండేది. బడికి రావద్దన్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

పద్దెనిమిదేళ్లప్పుడు వేరే ఊళ్లో నర్సింగ్ స్కూల్లో నాకు సీటొచ్చింది. ఆ రోజు పెద్దమ్మ షాపు మూసేసింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకి పాలిష్ పెట్టుకుని, నా ట్రంకు పెట్టె భుజానికెత్తుకుంది. రెండు బస్సులు మారి హాస్టలుకి చేరాం. ఆఫీసు గదిలో ఒక పదిమంది అమ్మాయిలు, వాళ్ల అమ్మలు ఉన్నారు. అందరి కళ్లూ మా మీదే ఉన్నాయనిపించింది నాకు. బహుశా ఎవరూ చూడనే లేదేమో. వార్డెన్ కళ్లజోడు పైనుంచి చూసి, "మీ బాబాయా అమ్మాయ్?" అంది.

నేను నేల వైపు చూస్తూ, "అవును మేడమ్" అన్నాను.

ఎందుకన్నానో చెప్పడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. సిగ్గేసింది, అంతే. పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసింది. వార్డెన్ ఫారంలో 'బాబాయి' అని రాసి ముందుకు జరిపితే, పొడి అక్షరాలతో సంతకం పెట్టేసింది. ఫారం అడుగున, తప్పుడు వివరాలిస్తే సీటు రద్దు చేస్తామని చిన్న అక్షరాల్లో ఉంది. అది నేను తర్వాత చదివాను. చదివాక గుండె గుభేలుమనాలి కదా? హాయిగా అనిపించింది. ఇక నిజం చెప్పకపోవడానికి నాకో సాకు దొరికింది.

హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. రెండు వారాలకోసారి, ఆదివారం నాడు ఇంటివాళ్లు రావచ్చు. ఆడవాళ్లయితే నేరుగా పైకి, గదుల్లోకి వెళ్లిపోవచ్చు. మగవాళ్లు మాత్రం గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చోవాలి. వాచ్‌మన్ కేకేస్తే మేమే కిందికి దిగి రావాలి. నా గది మూడో అంతస్తులో, వెనక వైపు. కిటికీ తెరిస్తే బట్టలారేసే దొడ్డి తప్ప ఏమీ కనిపించేది కాదు.

పెద్దమ్మ ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. పొద్దున పదింటికల్లా బెంచీ మీద ఉండేది. "మీ బాబాయి గారు వచ్చారమ్మా!" అని వాచ్‌మన్ అరిస్తే, నా పక్క మంచాల అమ్మాయిలు వింటుండగా నేను దిగి వెళ్లేదాన్ని. అరగంట కూర్చునేవాళ్లం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె పైకి, కిటికీల వైపు చూసేది. ఏం చూస్తున్నావని నేను అడగలేదు. పరీక్షలున్నాయని చెప్పి నేను పైకి వచ్చేశాక కూడా ఆమె సాయంత్రం బస్సు దాకా అక్కడే కూర్చునేదని వాచ్‌మన్ చెప్పాడు.

ఒకసారి హాస్టలు మోటారు కాలిపోయింది. వాచ్‌మన్ తల పట్టుకుంటే, పెద్దమ్మ దాన్ని బెంచీ పక్కకి తెప్పించి, సంచీలోంచి పనిముట్లు తీసింది. తీగా అచ్చూ ఇంటి నుంచి తెచ్చి, ఆ తర్వాతి ఆదివారం అక్కడే, ఎండలో కూర్చుని చుట్టింది. నాలుగంతస్తులకీ ఆ మోటారే నీళ్లు ఎక్కించింది. ఆమె మాత్రం కింద ఎండిపోయిన పెదవులతో కూర్చుంది. ఆ నీళ్లతో నేను తలస్నానం చేశాను.

రెండో ఏడు నాకు విషజ్వరం వచ్చింది. లేచి నిలబడలేకపోయాను. అది ఆదివారం. పక్క మంచం అమ్మాయి వాళ్లమ్మ వచ్చి, నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది, గ్లూకోజు కలిపి తాగించింది. "మీ బాబాయి పాపం పొద్దుట్నుంచీ గేటు దగ్గరే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మీ ఇంట్లో ఆడదిక్కు ఎవరూ లేరా తల్లీ?" అని అడిగింది.

"లేరండీ" అన్నాను.

జ్వరంలో అన్న మాట కాదది. ఒళ్లు తెలిసే అన్నాను.

ఆ ఏడే క్లాసులో మూత్రపిండాల పాఠం చెప్పారు. నీళ్లు తాగకుండా, వచ్చినదాన్ని ఆపుకుంటూ ఏళ్ల తరబడి బతికితే లోపల ఏం జరుగుతుందో టీచరు బోర్డు మీద బొమ్మ గీసింది. రాళ్లు, చీము, వాపు. నేను ఆ బొమ్మని నోట్సులోకి ఎక్కిస్తుంటే పెద్దమ్మ పొద్దుటి అర గ్లాసు గుర్తొచ్చింది. తర్వాత ఆమె వచ్చిన ఆదివారం బెంచీ మీద కూర్చోగానే, "నువ్వు నీళ్లు తాగాలి పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మా అన్న మాట వాచ్‌మన్‌కి వినపడకుండా గొంతు తగ్గించి మరీ అన్నాను.

"తాగి ఎక్కడికెళ్లనే చిట్టీ?" అంది నవ్వుతూ.

మా హాస్టల్లో ఆడవాళ్ల మరుగుదొడ్లు అంతస్తుకి ఎనిమిది చొప్పున ఉన్నాయి. ఒక్క మాట చెబితే చాలు. నేను చెప్పలేదు. చెబితే సీటు పోతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆఖరి ఏడు, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం వాచ్‌మన్ మెట్ల దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. "మీ బాబాయి గారు పడిపోయారమ్మా!" పరుగున వెళ్లేసరికి పెద్దమ్మ బెంచీ కింద, నడుం పట్టుకుని ముడుచుకుపోయి వణుకుతోంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. మా ఆసుపత్రి రోడ్డుకి అవతలే. స్ట్రెచర్ మీద తీసుకెళ్లాం. చీటీ రాసేవాడికి వివరాలన్నీ వాచ్‌మనే చెప్పాడు. పురుషుడు అని రాశారు. నేను నోరు తెరవబోయాను. మా క్లాసు అమ్మాయిలిద్దరు అక్కడ డ్యూటీలో ఉన్నారు. నోరు మూసుకున్నాను.

మగవాళ్ల వార్డులో పడుకోబెట్టారు. మూత్రం ఆగిపోయింది, వెంటనే గొట్టం వేయాలన్నాడు డాక్టరు. ఇద్దరు మగ అటెండర్లు వచ్చి బట్టలు తీయబోయారు. పెద్దమ్మ రెండు చేతులతోనూ చొక్కా బొత్తాలు పట్టుకుంది. కళ్లు మూసే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. "అరవై మూడు, అరవై నాలుగు..."

"జ్వరంలో కలవరిస్తున్నాడు. చేతులు గట్టిగా పట్టుకోండి" అంది పెద్ద నర్సు.

వాళ్లు పట్టుకున్నారు. పెద్దమ్మ డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. మళ్లీ ఒకటి అంది, రెండు అంది. ఎన్నడూ లెక్క తప్పని మనిషి. అది విన్నాక ఇక నావల్ల కాలేదు.

"వదలండి! ఆమె మా బాబాయి కాదు. మా పెద్దమ్మ!" అని అరిచాను.

వార్డు వార్డంతా మా వైపు తిరిగింది. అటెండర్లు నిప్పు తగిలినట్టు చేతులు తీసేశారు. పెద్ద నర్సు నా మొహం చూసి, చీటీ చూసి, "ఇంతసేపూ ఏం చేస్తున్నావ్? నర్సువి కదా నువ్వు!" అంది.

మంచాన్ని ఆడవాళ్ల వార్డుకి తోశాం. అక్కడ ఇంకో గోల. "మగాణ్ణి ఇక్కడికి తెస్తారేంటి?" అని ఒకావిడ, దుప్పటి మెడదాకా లాక్కుంటూ ఇంకొకావిడ. నర్సు ఎంత చెప్పినా వాళ్లు చెవిన వేసుకోలేదు. ఆఖరికి రెండు వార్డుల మధ్య నడవాలో, మడత తెర అడ్డం పెట్టి ఉంచారు. జీవితమంతా ఆ రెండు తలుపుల మధ్యే బతికింది, జబ్బు చేస్తే కూడా ఆమెకి అక్కడే చోటిచ్చారు. నాకు ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది. వాళ్ల మీద మండే హక్కు నాకుందా అన్నది వేరే సంగతి.

చేతులు ఇంకా బొత్తాల మీదే ఉన్నాయి. నేను ఆమె చెవి దగ్గర వంగి, ఆమెతోపాటు లెక్కపెట్టాను. నలభై, యాభై, ఎనభై. తొంభై ఆరు దగ్గర ఇద్దరం ఆగాం. పని అయిపోయింది కాబట్టి ఆమె చేతులు వదిలేసింది. గొట్టం నేనే వేశాను.

ఒక కిడ్నీ పూర్తిగా పోయిందన్నారు, రెండోది సగం. ఆ తర్వాత ఆమె బతికింది పద్నాలుగు నెలలు.

సాయంత్రం వార్డెన్ వచ్చింది. సీటు సంగతి తేల్చడానికే అనుకుని లేచి నిలబడ్డాను. ఆమె తెర పక్కకి జరిపి పెద్దమ్మని కాసేపు చూసింది. "మూడేళ్లు ఆ బెంచీ మీద కూర్చోబెట్టావటే ఈవిణ్ణి? ఒక్క మాట చెబితే పైకి పంపించేదాన్ని కదా!" అంది. మర్నాడు నన్ను ఆఫీసుకి పిలిచి, పాత ఫారం తీసి, బాబాయి అన్న మాట కొట్టేసి పైన పెద్దమ్మ అని రాసింది. అర నిమిషం పట్టలేదు.

మూడో రోజుకి జ్వరం దిగింది. పెద్దమ్మ మంచం మీద కూర్చుని గ్లాసు తర్వాత గ్లాసు నీళ్లు తాగుతోంది. "ఈ గొట్టం ఏదో ముందే పెట్టించుకోవాల్సిందే. ఎంత తాగినా ఎక్కడికీ వెళ్లక్కర్లేదు" అంది. నాకు నవ్వు రాలేదు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "నన్ను క్షమించు పెద్దమ్మా. బాబాయి అని అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "బాబాయి అన్నావని నాకేం కోపం లేదే. నిజం చెప్పనా, ఒక్కోసారి బాగానే ఉండేది. ఆ బెంచీ మీద నన్నెవరూ రెండోసారి తిరిగి చూడలేదు. పెద్దమ్మ అన్నా, బాబాయి అన్నా ఈ చొక్కాలో ఉన్నది నేనే కదా." గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "కానీ నువ్వు నేల చూస్తూ అన్నావు. మా నాన్న కూడా రెండేళ్లు అలాగే నేల చూసుకుంటూ తిరిగాడు. నా మొహం చూసి అనుంటే ఏ మాటైనా సరిపోయేది చిట్టీ."

రెండు వారాలకి ఇంటికి పంపించారు. బస్సుకి ఇంకా టైముంది. వార్డెన్ గేటు దగ్గరికి వచ్చి, "పైకి తీసుకెళ్లి గది చూపించు" అంది. చేర్చిన రోజు ఆఫీసు గది దాకా వచ్చిందే తప్ప, పెద్దమ్మ మెట్ల వైపు అడుగుపెట్టడం అదే మొదటిసారి. బూట్ల అడుగులు గుమ్మం దగ్గర తుడుచుకుంది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఏడు మెట్లు ఎక్కింది. ఎనిమిదో మెట్టు మీద కూర్చుండిపోయింది. కాళ్లు వాచి ఉన్నాయి, ఆయాసం ఆగడం లేదు. ఇంకా యాభై మెట్లున్నాయి. "వద్దులేవే" అంది. మళ్లీ కిందికి దింపి, అదే బెంచీ మీద కూర్చోబెట్టాను.

ఊపిరి సర్దుకున్నాక తలెత్తి కిటికీల వైపు చూసింది. "పైకెక్కకపోతేనేం, నీ గది నాకు తెలుసుగా. మూడేళ్లుగా చూస్తూనే ఉన్నాను" అంది. వేలు చూపించింది. "మూడో అంతస్తు, ఆ పసుపు కర్టెను. పరీక్షలప్పుడు ఆ కిటికీ పక్కనే కూర్చుని చదివేదానివి. ఒకసారి తల దువ్వుకుంటుంటే కూడా చూశాను. నీకు జ్వరం వచ్చిన రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ కర్టెన్ కదల్లేదు. ఎంత భయమేసిందో నాకు."

ఆ గది మాది కాదు. ఎవరిదో కూడా నాకు తెలియదు. ముందు వైపు గదుల వాళ్లతో నాకు పెద్ద పరిచయం లేదు.

పెద్దమ్మ నా వైపు తిరిగి, "అదే కదా?" అంది.

నేను బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. తలెత్తి, ఆమె మొహంలోకి చూసి, "అదే పెద్దమ్మా" అన్నాను. వాచ్‌మన్‌కి కూడా వినపడేలా అన్నాను.

పెద్దమ్మ తలూపింది. సంచీలోంచి సీసా తీసి, మూత తిప్పి నీళ్లు తాగింది.